కారు తాళం నా దగ్గరే ఉంది

అత్తయ్యా,

విడాకులయ్యాక మిమ్మల్ని ఏమని పిలవాలో తెలియక పాత పిలుపే రాస్తున్నాను. మీ అబ్బాయి తాగి కారు నడిపి పోలీసులకు దొరికాడని తెలియగానే చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి వచ్చేశాను. ఆ బంధానికి ఎప్పుడో నీళ్లొదులుకున్నాను కదా, మరి ఎందుకింత కంగారు?

"దగ్గుమందు తాగాడని కోర్టులో చెప్పమ్మా" అన్నారు మీరు. అది నా వల్ల కాదు. వాయిదాకి మాత్రం అతన్ని నా స్కూటరు మీద తీసుకెళ్తాను, పక్కనే కూర్చుంటాను.

కారు తాళం సంగతే నాకు తేలడం లేదు. కారు విడిపించుకున్న రోజు తనే మా ఇంటి ముందు పెట్టి, "నేను కాళ్లు పట్టుకున్నా తాళం ఇవ్వకు" అన్నాడు. బొత్తాల డబ్బాలో దాచాను. నిన్న వచ్చి, "ఎండలో మాడిపోతోంది, నీడలోకి జరిపి ఇచ్చేస్తా" అన్నాడు. తాగిన వాసన లేదు. అయినా ఇవ్వలేదు. "నన్ను దొంగను చేశావు" అని విసురుగా వెళ్లిపోయాడు. ఏ మాట వినాలత్తయ్యా, ఆనాటిదా, నిన్నటిదా?

అతను వెళ్లాక నేనే కారును నీడలోకి జరిపాను. సీటు అతని కాళ్లకు సరిపడా వెనక్కి ఉంది. బ్రేకు అందక అవస్థపడ్డానే గానీ, సీటు ముందుకు జరుపుకోలేదు. ఎందుకో మీకేమైనా అర్థమైందా?