పుస్తకాల పెట్టెకు పెట్టిన షరతు

యర్రాబీ,
1993 అక్టోబరు 11, సోమవారం.

చిరంజీవి టామ్సిన్‌కు అమ్మమ్మ ఆశీస్సులు.

ఇక్కడ నేను క్షేమం, పిల్లి క్షేమం. తాతయ్య నాటిన అత్తిచెట్టు ఈ వారం చిగురించింది. ఆ దక్షిణధ్రువపు మంచులో, ఆ జనరేటర్ల మధ్య నువ్వు కూడా క్షేమంగా ఉన్నావనీ, మేజోళ్ళు రెండేసి జతలు వేసుకుంటున్నావనీ అనుకుంటాను. ఓడ ఇరవై మూడో తేదీన హోబర్ట్‌లో బయలుదేరుతుందట. దానికి అందాలంటే ఈ ఉత్తరం ఈ రోజే ముగించాలి.

నా అక్షరాలు ఇంత పెద్దవెందుకయ్యాయని అడిగావు. కాగితం దండగ చేయడం మా అమ్మమ్మకు ఎప్పుడొచ్చిందని వెక్కిరించావు కూడా. దానికి జవాబు ఉంది, కాస్త ఆగు. మెర్ల్ పిన్ని మోకాలు బాగుపడింది, నోరు మాత్రం అలాగే ఉంది. వంటింటి పైరేకు మార్పించాను. పనివాడు పన్నెండు మేకులు మిగిల్చి పోతే పిలిచి ఇచ్చాను.

ఇక ఇంటి సంగతి. నా తదనంతరం ఈ ఇల్లు ఊరి లైబ్రరీకి రాస్తానన్నాను. నువ్వు సరేనంటూనే మూడు షరతులు పెట్టావు. ఇల్లు అమ్మకూడదు, అత్తిచెట్టు కొట్టకూడదు, గుమ్మం మీద తాతయ్య పేరుండాలి. అవి వీలునామాలో లేకపోతే కోర్టుకు వెళ్తానన్నావు. ఆ హక్కు నీకుందని ప్లీడరు ఆడ్జర్స్ కూడా చెప్పాడు. మీ అమ్మ పోయాక తొమ్మిదో ఏట నుంచి నువ్వు పెరిగిన ఇల్లు. నీకు కోపం రావడంలో తప్పు లేదు. అయినా ఒక్క షరతు కూడా రాయను. ఎందుకో చెప్పాలంటే డోర్కస్ సంగతి చెప్పాలి.

డోర్కస్ ట్రెలోర్ మా ఊరి రైల్వే స్టేషన్లో టీ దుకాణం నడిపేది. నాకు స్నేహితురాలు. ఆమె తమ్ముడు ఆల్ఫ్ ఎడారిలో రైలు పట్టాలు బాగుచేసే క్యాంపులో పనిచేసేవాడు. ఆ క్యాంపులకు పదిహేను రోజులకొకసారి సరుకుల రైలు వెళ్ళేది. నీళ్ళు, పిండి, మాంసం, వాటితోపాటు మా లైబ్రరీ పెట్టె ఒకటి. అందులో నలభై పుస్తకాలు. లైబ్రరీ చూసేదాన్నీ, కమిటీ కోశాధికారినీ నేనే గనుక వాటిని లెక్కపెట్టి పంపేదాన్ని, లెక్కపెట్టి దించుకునేదాన్ని. ఎన్నడూ ఒక్కటి తగ్గలేదు. మటన్ కొవ్వు మరకలు మాత్రం నేను లెక్క రాయలేదు.

1959లో డోర్కస్ పోతూ తన డబ్బంతా లైబ్రరీకి రాసింది. ‘క్యాంపు రైల్లో వెళ్ళే పెట్టెలోని పుస్తకాలకు మాత్రమే’ అని షరతు. పదిహేనేళ్ళు అది చక్కగా సాగింది. 1974లో క్యాంపులు ఎత్తేశారు. రైలు ఆగింది, పెట్టె ఆగింది. డబ్బు బ్యాంకులో ఉండిపోయింది.

ఆల్ఫ్ ఆ ఆఖరి రైల్లోనే వచ్చి ఈ ఊళ్ళో ఉండిపోయాడు. నాలుగేళ్ళకు అతని చూపు మందగించింది. ఒక శనివారం లైబ్రరీలో, అందరూ వరుసలో నిలబడి ఉండగా నా బల్ల దగ్గరికి వచ్చాడు.

“యూనమ్మా, మా అక్క డబ్బు బ్యాంకులో ముక్కిపోతోందట గదా. అందులోంచి నాకో నాలుగు పెద్దక్షరాల పుస్తకాలు తెప్పించు.”

“అది పెట్టెకు రాసిన డబ్బు, ఆల్ఫ్.”

“పెట్టె ఏదీ?”

“లేదు.”

“పోనీ, రైలేదీ?”

“అదీ లేదు.”

“నేనున్నాగా! ఆ రైల్లోంచి దిగినవాణ్ణేగా. నా వీపుకో చీటీ అంటించి నన్నే పెట్టె అనుకో తల్లీ.”

వరుసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేను నవ్వలేదు. షరతు షరతేనన్నాను.

“సరేలే. రేపు స్వర్గం గేటు దగ్గర నిన్ను కూర్చోబెడితే దేవుణ్ణి కూడా రసీదు అడుగుతావు,” అని కర్ర తాటించుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత నాలుగేళ్ళు బతికాడు. రోజూ లైబ్రరీ బయట బెంచీ మీద ఎవరో వదిలేసిన పేపరు పట్టుకుని, గుర్రప్పందాల బొమ్మలు కళ్ళకు ఆనించుకుని చూసేవాడు. నేను ఆ బెంచీ పక్కనుంచే లోపలికి వెళ్ళేదాన్ని. అతని అంత్యక్రియలకు రెండు డజన్ల స్కోన్ రొట్టెలు చేసి పట్టుకెళ్ళాను. నేను చేసింది సరైన పనేనని అప్పుడు కూడా అనుకున్నాను.

ఇప్పుడు నా అక్షరాల సంగతి. పోయిన చలికాలం నుంచి నా చూపుకు సరిగ్గా నడుమ ఒక మచ్చ. మనిషిని చూస్తే చెవులు కనిపిస్తాయి, ముక్కు కనిపించదు. ఇది బాగయ్యేది కాదని అడిలైడ్ డాక్టరు చెప్పాడు. నువ్వు దిగులుపడతావని రాయలేదు. మన లైబ్రరీలో పెద్దక్షరాల పుస్తకాలు పదకొండు. పదకొండూ చదివేశాను. ఇంకేమున్నాయని గ్లెనిస్‌ను అడిగాను. ఇప్పుడు లైబ్రరీ చూస్తున్నది ఆ అమ్మాయే, నా దగ్గరే పని నేర్చుకుంది.

“జూలైలో కొత్త బడ్జెట్ వచ్చేదాకా కొనడానికి డబ్బు లేదండీ. డోర్కస్ గారి డబ్బుంది గానీ, దానికి షరతుందిగా. అది ముట్టుకోకూడదని మీరేగా నాకు నేర్పారు,” అంది.

ఆ పిల్ల ఎత్తిపొడవలేదు. నిజంగానే అంది. బయటికి వచ్చి ఆల్ఫ్ బెంచీ మీద కూర్చున్నాను.

టామ్సిన్, ఇప్పుడు చెప్పేది మీ తాతయ్యకు కూడా చెప్పలేదు. ఆ షరతు డోర్కస్‌ది కాదు, నాది. ఆస్పత్రిలో ఆమె మంచం పక్కన కాగితం పట్టుకుని కూర్చున్నది నేనే.

“ఏదో ఒకటి రాయవే యూనా. పుస్తకం దగ్గరికి రాలేనివాళ్ళకి పుస్తకం చేరాలి. అంతే,” అంది.

“అలా వదులుగా రాస్తే రేపు ఆ డబ్బుతో ఎవరో కుర్చీలు కొంటారే.”

“కొంటే కొననీవే. కూర్చునేగా చదువుతారు.”

నాకది నచ్చలేదు. రైలు, పెట్టె, మాత్రమే అని బిగించి రాశాను. ప్లీడరు చేత శుద్ధప్రతి రాయించాను. ఆమె చదవనైనా చదవలేదు. “నువ్వు రాశావంటే సరిగ్గానే ఉంటుంది,” అని సంతకం పెట్టింది. ఆల్ఫ్ నా బల్ల ముందు నిలబడిన రోజున డోర్కస్ అసలు మాట నాకు గుర్తుంది. బల్ల దాకా నడిచి వచ్చినా, చూపు చాలక అతను అచ్చంగా పుస్తకం దగ్గరికి రాలేని మనిషే. గుర్తుండే పొమ్మన్నాను. ఒప్పుకుంటే, మొదట తప్పు రాసింది నేనేనని తేలుతుంది గనుక.

కోర్టు తలచుకుంటే షరతు సడలించగలదట. డోర్కస్ మనసులో ఏముందో ఎరిగినవాళ్ళు ప్రమాణం చేసి చెప్పాలన్నాడు ఆడ్జర్స్. ఎరిగినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. మొన్న గురువారం అతని ఆఫీసులో ప్రమాణం చేసి, అంతా రాసి, సంతకం చేశాను. త్వరలో ఊరందరికీ తెలుస్తుంది. మెర్ల్ పిన్ని ఉత్తరం కన్నా ముందు నా ఉత్తరం నీకు చేరాలని నా కోరిక.

అందుకే ఇంటికి షరతులు రాయను. నేను పోయాక లైబ్రరీకి ఏం కావాలో నాకు తెలియదు. తెలుసనుకోవడం ఒకసారి చేశాను, చాలు. వాళ్ళు ఇల్లు అమ్మి కుర్చీలు కొంటే కొననీ. తాతయ్య తన టూల్‌బాక్సు మీద కూడా పేరు రాసుకోని మనిషి, గుమ్మం మీద అడగడు. అత్తికొమ్మ ఒకటి కుండీలో వేరు పట్టించాను. అది నీది. ఎక్కడ నాటుకుంటావో నీ ఇష్టం.

వీలునామా సంతకం కాకుండా ఆడ్జర్స్ దగ్గరే ఉంది. కోర్టుకు వెళ్ళనని నువ్వు మాట ఇస్తే సంతకం చేస్తాను. ఇవ్వలేకపోతే ఇల్లు నీ పేరనే రాస్తాను, నిన్ను ఒక్క మాట కూడా అనను. షరతులు కట్టి మాత్రం లైబ్రరీకి ఇవ్వను.

అదే ఓడ తిరిగి వచ్చేటప్పుడు నీ జవాబు పంపు. సరేనన్నా, కుదరదన్నా, పెద్ద అక్షరాలతో రాయి. నీ ఉత్తరం నేనే చదువుకోవాలి.

ఇట్లు,
నీ రాక కోసం చూసే
అమ్మమ్మ,
యూనా పాస్కో.