నీళ్లలో తెలియని చెమట

మే 4
క్లినిక్‌కి వెళ్లొచ్చాను. డాక్టరమ్మ ఇన్సులిన్ డోసు కొంచెం పెంచింది. ఈ మధ్య చెమటలు ఎక్కువయ్యాయని చెప్పాను. ఎండకి పట్టే చెమట వేరు, షుగర్ పడిపోతే పట్టే చెమట వేరు, అది చల్లగా, జిడ్డుగా ఉంటుంది, చేతులు వణుకుతాయి, ఆకలి దంచేస్తుంది, అది మీ ఒళ్లు కొట్టే అలారం అనుకోండి అంది.

తర్వాత ఏం పని చేస్తారని అడిగింది. స్విమ్మింగ్ కోచ్‌ని అన్నాను. పెన్ను కింద పెట్టేసింది. నీళ్లలో ఉంటే చెమట పట్టినట్టు మీకెలా తెలుస్తుందమ్మా అంది.

మెడ వెనక తడిమి చూసుకున్నాను.

దిగేముందు షుగర్ మీటర్‌లో చూసుకోమంది. తక్కువుంటే ఏదైనా తిని, కాసేపాగి, మళ్లీ చూసుకున్నాకే దిగమంది. గ్లూకోజ్ బిళ్లలు గట్టు మీద చేతికందేలా పెట్టుకోమంది. పూల్‌లో అందరికీ చెప్పి ఉంచమంది. అన్నీ సరే, ఆ చెప్పడమే ఇబ్బంది. మోకాలి నొప్పి అన్న పాపానికి పోయినేడు ఒక కోచ్‌ని మేనేజర్ గారు టికెట్ కౌంటర్‌లో కూర్చోబెట్టారు. నన్ను అక్కడ కూర్చోబెడితే టికెట్టుకొచ్చినవాళ్లని కొరికేస్తాను.

మే 6
అన్నం తింటుంటే నుదురూ మెడా తడిసిపోయాయి, అదీ ఫ్యాన్ కింద. వంట మా ఆయనది. కారం ఎక్కువైందా అని కంగారుపడ్డాడు. పాపం, కూరలో కారమే లేదు. చాలా ఏళ్లు షుగర్ ఉంటే నరాలు దెబ్బతిని తినేటప్పుడు ఇలా ముఖానికి చెమట పట్టొచ్చట. పాదాలకేమో అసలు పట్టక ఎండిపోతాయట. నా మడమలు చూస్తే నిజమే, బీటలువారాయి. ఆయన క్రీమ్ తెచ్చి రాశాడు. వేళ్ల మధ్య వద్దన్నాను. అక్కడ తడి నిలిస్తే పుండ్లు పడతాయి. చక్కిలిగిలి కూడా.

మే 9
పెద్దవాళ్ల కొత్త బ్యాచ్. రిటైరైన లెక్కల టీచరమ్మ ఒకావిడ చేరారు. దిగిన దగ్గర్నుంచీ గోడ వదల్లేదు. మిగతావాళ్లు అప్పుడే గోడమ్మ అని పేరు పెట్టేశారు. తెలిసి ఆవిడే ముందు నవ్వారు. ఈత మోకాళ్లకి మంచిదన్నారమ్మా, ఆ సంగతి గుండెకి చెప్పడం మర్చిపోయారు అన్నారు.

మే 13
దిగేముందు చూసుకున్నాను. బాగుంది. మేనేజర్ గారికి చెప్పలేదు.

మే 17
చెప్పలేదు.

మే 20, సాయంత్రం
రాస్తే కుదుటపడతానేమో.

పొద్దున మీటర్ బ్యాటరీ అయిపోయింది. రేపు వేయించుకుందాంలే అని దిగిపోయాను. ఒక బ్యాచ్ వెంట ఇంకో బ్యాచ్. చివరికి అందరూ బట్టలు మార్చుకోవడానికి వెళ్లిపోయారు. గోడమ్మగారు మాత్రం గోడ పట్టుకుని కాళ్లాడిస్తున్నారు. నేను కొంచెం దూరంలో, ఛాతీలోతు నీళ్లలో ఉన్నాను. ఏమీ అనిపించలేదు. నీళ్లు చల్లగా ఉన్నాయి, నేనూ చల్లగా ఉన్నాను, అంతే. చెమట పట్టే ఉంటుంది. పట్టింది పట్టినట్టే నీళ్లలో కలిసిపోయి ఉంటుంది.

మిగతాది ఆవిడ చెబితే తెలిసింది. మోకాళ్లు వంచకండి అనబోయి, తలుపులు వంచకండి, తలుపులు వంచకండి అంటున్నానట. ఆవిడ నవ్వారట. తర్వాత నా కళ్లు చూశారట. నేను వెనక్కి ఒరిగిపోతున్నాను. ఆవిడ కేక పెట్టారు. ఎవరూ పలకలేదు.

గోడ వదిలేశారు.

ఈత రాదు కదా, నడిచారు. కోచమ్మా, కోచమ్మా అని పిలుస్తూ ఆ నీళ్లలో నా దాకా నడిచొచ్చి, చంకల కింద చేతులేసి గట్టు దగ్గరికి లాక్కెళ్లారు. అప్పటికి పూల్ శుభ్రం చేసే అతను పరిగెత్తుకొచ్చి పైకి లాగాడు. ఆవిడ అన్నయ్యకీ షుగరేనట, గట్టు మీద గ్లూకోజ్ బిళ్లల డబ్బా చూడగానే సంగతి పట్టేశారు. మింగగలవా, మింగగలవా అని నా చేత ఊఁ అనిపించుకున్నాకే నోట్లో పెట్టారు.

కాసేపటికి మాట వచ్చింది. మీరు గోడ వదిలేశారండీ అన్నాను. అప్పుడేసింది ఆవిడకి భయం. చతికిలబడి వెక్కి వెక్కి ఏడ్చారు. పడుకున్నదాన్ని లేచి ఆవిడ వీపు నిమురుతూ కూర్చున్నాను.

మే 21
మేనేజర్ గారికి అంతా చెప్పేశాను. వాళ్లు నిన్ను నమ్మి నీళ్లలోకి దిగుతున్నారు, ఇది దాస్తావా అన్నారు. తల దించుకున్నాను. కౌంటర్ ఖాయమనుకున్నాను. కానీ డాక్టర్ సరేనని రాసిచ్చేదాకా గట్టు మీద నుంచే నేర్పమన్నారు. ఆ తర్వాత దిగినా ఇంకో కోచ్ నన్ను కనిపెట్టుకుని ఉండాలట. చీవాట్లు తిని బయటికొచ్చి హాయిగా ఊపిరి పీల్చుకోవడం నాకు ఇదే మొదటిసారి.

మే 28
డాక్టరమ్మ దగ్గర ఇంకో విడత చీవాట్లు. డోసు తగ్గించింది. ఈత కొట్టే రోజున షుగర్ తర్వాత కూడా పడిపోవచ్చట. బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య చూసుకోవాలి, ఈత అయ్యాక కూడా చూసుకోవాలి. మా ఆయన బ్యాటరీలు ఎన్ని కొన్నాడంటే, షాపు పెట్టుకోవచ్చు.

జూన్ 6
డాక్టరమ్మ సరేనని రాసిచ్చింది. ఈరోజు నీళ్లలోకి దిగాను, గట్టు మీద ఇంకో కోచ్ కాపలా. గోడమ్మగారు దగ్గరికొచ్చి చెమట పట్టిందేమోనని నా మెడ వెనక చెయ్యి పెట్టి చూశారు. నీళ్లలో ఏం తెలుస్తుందండీ అన్నాను. తెలియకపోయినా చూస్తానమ్మా అన్నారు.