ఈ జాతరకు తూకం లేదు

స్టేషన్ ఘన్‌పూర్,
మంగళవారం.

చిరంజీవి శ్రేయకు,

బాపు దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, అమ్మ, నాయనమ్మ కులాసాగానే ఉన్నాం. జనగామలో చలి ముదిరిందని రాశావు, స్వెట్టర్ వేసుకుంటున్నావనే అనుకుంటున్నాను. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావేమో. ఆదివారం మీ హాస్టల్ ఫోన్ దగ్గర నీ వెనకాల ఇరవై మంది పిల్లలు నిలబడి ఉంటారు. ఈ మాటలకు అది చోటు కాదు.

డాక్టరు చెప్పినట్టు అమ్మ రోజూ నడుస్తోందా అని అడిగావు. నడుస్తోంది. రైల్వే గేటు దాకా వెళ్లి రావడానికి గంట పడుతోంది. అందులో నడక పావుగంట, మిగతాదంతా కస్తూరి అత్తయ్య గడప దగ్గర ముచ్చట. అయినా రోజూ గంట నడుస్తున్నానని డాక్టరుకు గట్టిగా చెప్పింది.

నా ఆరోగ్యం కూడా అడిగావు. హనుమకొండలో చూపించుకున్నాను. నూట నాలుగు కిలోలు. షుగర్ వచ్చింది, బీపీ ఉంది, కాలేయానికి కొవ్వు పట్టిందట. మోకాళ్ల నొప్పి కూడా ఆ బరువు మోయలేకనేనట. రాత్రి రెండు రొట్టెలే తింటానని డాక్టరుతో బుద్ధిమంతుడిలా చెప్పాను. పక్కనున్న మీ అమ్మ ఊరుకుంటుందా? "గా రెండు రొట్టెలు ఇంట్ల సారూ. దుకాణంల కూసున్నకాడ గుప్పెడు గుప్పెడు మిక్చరు, పల్లీపట్టీలు, అయిదింటికి మిర్చీలు, మీదికెళ్లి కూల్‌డ్రింకు. గవన్నీ చెప్పడేంది?" అంది. నిజమే. పొద్దున ఏడింటికి గల్లా దగ్గర కూర్చుంటే మళ్లీ దుకాణం కట్టేసేటప్పుడే లేస్తాను. చేతికందే డబ్బాలన్నీ నావే. ఒళ్లు రాక ఏం చేస్తుంది?

నీ గురించి కూడా ఆయన్ని అడిగాను. ఆయన అన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "ఎవరి ఒంటి తీరు వాళ్లది, పిల్లది తప్పనుకోకుండ్రి. ఉపాసం పెట్టొద్దు, ఎక్కిరియ్యొద్దు. ఎదిగే వయసు. మూడు పూటలు తినాలె, ఆడాలె, మంచిగ పండుకోవాలె. ముందుగాల మారాల్సింది మీ ఇల్లు."

రెండు రోజులకు మీ వార్డెన్ సౌజన్య మేడం ఫోన్ చేసింది. నెల రోజులుగా రాత్రి నీ అన్నం పక్కవాళ్లకు ఇచ్చేస్తున్నావనీ, పొద్దున ప్రార్థనలో కళ్లు తిరిగి పడిపోయావనీ చెప్పింది. మర్నాడే నీ ఉత్తరం అందింది. పడిపోయిన సంగతి అందులో లేదు. "ఈసారి మేడారం మొక్కుకు నన్ను తూకం వేయకండి, వేస్తామంటే నేను ఇంటికే రాను" అని మాత్రం ఉంది. ఆ రెండూ ఒకటే సంగతి అని అర్థం కావడానికి నాకు ఒక పూట పట్టింది.

నువ్వు నెలలు నిండకుండా పుట్టావు. రెండు కిలోలు కూడా లేవు. వరంగల్ దవాఖానలో నిన్ను అద్దాల పెట్టెలో ఉంచితే, నాయనమ్మ బయట మెట్ల మీద కూర్చుని సమ్మక్క సారక్కలకు మొక్కింది. నువ్వు బతికితే జాతర జాతరకూ నీ బరువంత బెల్లం ఇస్తానంది. మొదటి జాతరకు నీ ఎత్తు బంగారం, తల్లులకిచ్చే బెల్లాన్ని అలాగే అంటాం కదా, మీ అమ్మ కొంగులో పట్టింది. పక్కవాళ్ల బుట్టలు చూసి మాకు చిన్నతనంగా అనిపించింది. మా పిచ్చి అక్కడ మొదలైంది. రెండేళ్లకోసారి బెల్లం పెరుగుతుంటే పొంగిపోయాం. "ఇంకొక్క బుక్క తిను బిడ్డా, తల్లులకు బంగారం తక్కువైతది" అంటూ నీ నోట్లో కుక్కింది మేమే. రెండు వీధుల అవతలి బడికి ఆటో పెట్టింది నేనే. ఏడిస్తే చాక్లెట్, అలిగితే చిప్స్ ప్యాకెట్, దుకాణం మనదే కదా.

ఇక అసలు మాట. రెండేళ్లుగా దాచాను.

కిందటి జాతరకు నువ్వు మన దుకాణం కాంటా ఎక్కినప్పుడు బజారంతా అక్కడే ఉంది. ఎదురు దుకాణం సురేశ్, "సేటూ, గీ బెల్లానికి బస్సు సాలదు, లారీ మాట్లాడు" అన్నాడు. అందరూ నవ్వారు. నువ్వు నా వైపు చూశావు. మూట కట్టుకుంటూ వినలేదని ఆ రోజు నీతో చెప్పాను, అమ్మతోనూ చెప్పాను. అబద్ధం బిడ్డా. విన్నాను. అందరికంటే గట్టిగా నవ్వాను. పైగా నీ కిలోలు బజారుకు వినపడేలా చదివాను. వంద దాటిన నన్ను మాత్రం ఎవరూ ఏనాడూ కాంటా ఎక్కమనలేదు. ఆ జూన్‌లోనే నువ్వు హాస్టల్‌కు పోతానని పట్టుబట్టావు. నా బిడ్డకు చదువంటే ఎంత శ్రద్ధో అని ఊరంతా చెప్పుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుతో ప్రాణం చచ్చిపోతోంది.

నిన్న అమ్మకూ నాయనమ్మకూ చెప్పేశాను. అప్పటినుంచి అమ్మ నాతో మాట్లాడడం లేదు. నాయనమ్మ, "పిల్ల బతకాలని మొక్కిన గని, పిల్లను బజార్ల నిలవెట్టి నవ్వుమని మొక్కలే. తూకం బందు పెట్టుండ్రి. నా చేతనైనంత బెల్లం నేనే ఇచ్చుకుంట, తల్లులకు నేనే చెప్పుకుంట" అంది. కాబట్టి ఈ జాతరకు నీకు తూకం లేదు, ఇక ముందు కూడా ఉండదు. రావాలనిపిస్తే ఊరికే రా. జంపన్న వాగులో స్నానం చేసి, దండం పెట్టుకుని వద్దాం.

నన్ను క్షమించమని అడగడానికి ఇది రాయలేదు. నీకు ఎన్నాళ్లు కోపం ఉంటే అన్నాళ్లు ఉండనీ. కానీ ఆ కోపం నా మీద చూపించు బిడ్డా, నీ అన్నం మీద కాదు. ఆదివారం జనగామ వస్తున్నాను. నన్ను చూడాలనిపించకపోతే గేటు దాకా రాకు. శనివారం రాత్రి నువ్వు అన్నం తిన్నావని మేడం చెబితే చాలు, ఆ మాట విని తిరుగు బస్సు ఎక్కుతాను.

ఇట్లు,
నీ బాపు
ప్రభాకర్