బొట్టు పెట్టకూడని చోటు

నాయనా,

నిన్నటి నుంచి నా కాలు ఒక చోట నిలవడం లేదు. నువ్వు మిషన్లు చూసుకున్న మిల్లులో, నువ్వు పోయాక ఇదే మొదటి ఆయుధపూజ. పూజ బాగానే జరిగింది. తెల్లారి శెనక్కాయలు కొట్టే మిషన్ వేయగానే బేరింగ్ దగ్గర పొగ లేచింది. వానల్లేక పండిందే కొంచెం. మిషన్ ఆగితే ఆ కాయ కూడా వేరే మిల్లుకు పోతుంది. గోతాలు కుట్టడం వదిలేసి పరిగెత్తి, ఆపించాను.

చూస్తే, నూనె పోసే బొక్క మీదే పసుపు ముద్ద, దాని మీద కుంకుమ. ఎండి రాయిలా బిగుసుకుంది. నీ పనిలోకి వచ్చిన సీనప్ప దాని పైనే నూనె పోశాడట.

"పూజ చేసేది గూడా తప్పేనామ్మా?" అన్నాడు.

"దేవునికి బొట్టు, మిషన్‌కి నూనె. రెండూ ఒకే తావున పెట్టాకండప్పా!" అని అరిచాను. ఏటా నువ్వు అరిచే మాటే. హమాలీలందరూ గోడ మీది నీ ఫోటో వైపు తిరిగారు.

తలపిన్నుతో గోకి, నూనె లోపలికి దించి, మధ్యాహ్నానికి మిషన్ తిప్పించాను. బేరింగ్ ఇప్పుడు చల్లగానే ఉంది. అయినా మళ్లీ మళ్లీ పోయి చెయ్యి పెట్టి చూస్తున్నాను.

నీ ఫోటోకు కూడా పెద్ద బొట్టే పెట్టినారు నాయనా. పిన్ను ఇంకా నా చేతిలోనే ఉండాది. ఆ బొట్టును ఎట్ల గోకేది?