ఎముకల గదిలో ఆకురాయి

నెగారా, పడమటి బాలి,
24 ఆగస్టు 1991, శనివారం.

ఓం స్వస్త్యస్తు.

పూజ్యులైన గెదె అన్నయ్యకు చెల్లెలు వార్తిని చేతులు జోడించి రాయునది. దేవుళ్ళ దయ, పెద్దల దయ, ఈ మధ్య కాస్త మా డైరెక్టరుగారి దయ కూడా ఉండబట్టి ఇక్కడ నేను క్షేమం. వదిన మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? సులాసి బట్టలు ఇంకా ఎవరికీ ఇవ్వలేదని పోయిన నెల వచ్చినప్పుడు చెప్పావు. పిల్ల పోయి రెండేళ్ళయింది కదా అని వదినను తొందరపెట్టకు. ఆమెకు ఎప్పుడు తోస్తే అప్పుడే ఇస్తుంది.

అయితే ఈ ఉత్తరం క్షేమసమాచారాల కోసం కాదు. మా పురావస్తుశాల ఎముకల గదిలో దొంగపని ఒకటి జరిగింది. చేసిందెవరో నాకు తెలుసు. రుజువు ఒక్కటే తక్కువ. బాలిలో ఈడొచ్చిన పిల్లల పళ్ళకు వేడుకలో ఆకురాయి పట్టేవాళ్ళలో నీకంటే అనుభవజ్ఞుడు నాకు తెలిసి లేడు కాబట్టి నిన్ను అడుగుతున్నాను.

సముద్రపొడ్డున తవ్వకంలో దొరికిన ఆడపిల్ల నీకు గుర్తుండే ఉంటుంది. పక్క ఊళ్ళో పళ్ళ వేడుక ముగించుకుని నువ్వు నా దగ్గర ఆగిన రోజు పెట్టె తెరిచి చూపించాను. రెండువేల ఏళ్ళ కిందట పెద్ద కుండలో ముడిచి పడుకోబెట్టి పాతిన పిల్ల. ఆ వయసులో తుంటి ఎముక ఆడా మగా గట్టిగా చెప్పదు, చేతికున్న పూసలను బట్టి ఆడపిల్ల అంటున్నాం. జ్ఞానదంతాలు ఇంకా దవడలోనే ఉన్నాయి. కోరపళ్ళ వేళ్ళ కొసలు అప్పుడప్పుడే మూసుకుంటున్నాయి. ఎన్నేళ్ళుంటాయని నువ్వడిగితే పద్నాలుగు, మహా అయితే పదిహేను అన్నాను. పళ్ళు అరగదీయించుకోకుండానే పోయింది, పైలోకంలో పెద్దలు దీన్ని గుమ్మం దాటనిచ్చి ఉండరు, రెండువేల ఏళ్ళు ఆలస్యంగా పుట్టి నువ్వు ఒక బేరం పోగొట్టుకున్నావు అని హాస్యమాడాను కూడా. నువ్వు నవ్వలేదు. నా హాస్యాలకు మన ఇంట్లో ఎవరు నవ్వారు గనక. ఇంతలో డైరెక్టరు పిలిస్తే వెళ్ళాను, ఆయన మాటలు ఎప్పటికి తెగుతాయో నీకు తెలియదు. తిరిగి వచ్చేసరికి పాపం నువ్వు అన్నం కూడా తినకుండా నా కోసం అక్కడే కూర్చుని ఉన్నావు.

మొన్న బుధవారం కొలతల కోసం ఆ పెట్టె మళ్ళీ తెరిచాను. పై వరసలో ముందరి నాలుగు పళ్ళు, అటూ ఇటూ కోరలు, మొత్తం ఆరూ ఒకే మట్టానికి అరగదీసి ఉన్నాయి. మన పిల్లలకు కామక్రోధాదులు ఆరూ అణగాలని ఏ ఆరు పళ్ళకు ఆకురాయి పడతామో సరిగ్గా అవే. తవ్విన రోజు తీసిన ఫొటోలో ఆ కోరలు సూదుల్లా ఉన్నాయి. పైగా మట్టిలో అన్నేళ్ళు పడున్న పళ్ళు తేనెరంగుకు తిరుగుతాయి. ఈ ఆరింటి కొసలు మాత్రం తెల్లగా మెరుస్తున్నాయి. అంటే కోత కొత్తది. పెట్టె అంతా వెతికినా చిటికెడు పొడి కనిపించలేదు. ఎవడో గానీ ఆనవాలు లేకుండా తుడిచి పెట్టి పోయాడు.

ఎవడో ఏమిటి, హనుంగ్. జోగ్జా నుంచి వచ్చి ఏడాది కిందట మా శాలలో చేరిన జావా అతను. ఎప్పుడు చూసినా తల వంచుకుని మెత్తగా మాట్లాడతాడు. అంత మెత్తనివాళ్ళను నేను మొదటినుంచీ నమ్మను. పళ్ళు అరగదీసే ఆచారం ఎంత పాతదన్న విషయం మీద వ్యాసం రాస్తున్నాడు. ఇంత పాత సమాధిలో ఆరు పళ్ళూ అరిగిన పిల్ల దొరికితే ఇక అతని పేరు ప్రపంచమంతా మోగిపోదూ? గది తాళంచెవులు రెండే. ఒకటి నా నడుం గుడ్డకు ఉంటుంది, రెండోది అతని జేబులో. నీకు చూపించాక ఆ పెట్టెను నేను ముట్టుకోలేదు, అతను రెండుసార్లు తీశాడు. ఆ గదిలో పరాయివాడంటూ ఒంటరిగా కూర్చున్నది అతనొక్కడే. పోయిన వారం నన్ను ఆరా కూడా తీశాడు, వేడుకలో ముందు ఏ పంటికి ఆకురాయి పడతారు, ఎన్ని గీతలు గీస్తారు అని. తెలుసుకోవాలని అడిగాడనుకున్నాను. ఎందుకో ఇప్పుడు తెలుస్తోంది.

అతను టీకి వెళ్ళినప్పుడు అతని సంచీ, సొరుగు వెతికాను. బ్రష్షులు, కొలబద్ద, భార్య కట్టిచ్చిన వేపుడన్నం తప్ప ఏమీ లేవు. తిరిగొచ్చి చూసి తెల్లబోయాడు. తర్వాత అన్నాడు, "మా వైపు పళ్ళకు ఆకురాయి పట్టడం ఎప్పుడో మానేశారమ్మా. చేతకాని పని నేనెలా చేస్తాను? సంచీ చూశారు, సొరుగు చూశారు. ఇక నోరు తెరవమంటారా?"

"నీ నోటి సంగతి నాకు తెలుసు, చేతుల సంగతే తెలీదు," అన్నాను.

అతను సంచీ సర్దుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. తప్పు చేయనివాడు నిలబడి పోట్లాడతాడు గానీ అలా వెళ్ళిపోతాడా, నువ్వే చెప్పు.

డైరెక్టరు దర్సనగారు పోలీసులు వద్దన్నారు, శాల పరువు పోతుందట. సోమవారం పొద్దున నేను నివేదిక రాసిస్తే మధ్యాహ్నం పడవలోనే హనుంగ్‌ను జావా పంపించేస్తారట. ఇక ఏ శాలా అతన్ని గడప తొక్కనివ్వదు. భార్యకు నెలలు నిండుతున్నాయి. ఆ ఒక్కటే నన్ను ఆపుతోంది. అందుకే గట్టి రుజువు కావాలి. ఫొటోలు ఇందులో పెడుతున్నాను. ఏ రకం ఆకురాయి వాడాడో, ఎంత చేయి తిరిగినవాడో చూసి చెప్పు. నా కంటికైతే బాగా నేర్చినవాడి పనిలాగే ఉంది. ఎక్కడ నేర్చాడో మరి.

రేపు మీ తబనాన్ వచ్చే బెమో వ్యాను డ్రైవరు చేతికి ఈ కవరు ఇస్తాను. జవాబు అతని చేతికే ఇచ్చి పంపు.

ఓం శాంతి శాంతి శాంతిః ఓం.

ఇట్లు
నీ అనుమానపు చెల్లెలు
వార్తిని

తా.క. ఆదివారం పొద్దున. అంటించిన కవరు మళ్ళీ చించాను.

పోల్చి చూడటానికి వేరే చేతుల కోతలు కూడా పంపితే నీకు సులువవుతుందని శాలకు వెళ్ళాను. ఈ కాలం వాళ్ళ పళ్ళ అచ్చులు మా దగ్గర ఉన్నాయి. ఒక్కొక్కటే ఆ పిల్ల పళ్ళ పక్కన పెట్టి మైక్రోస్కోపులో చూశాను. దేనికదే వేరుగా ఉంది. ఒక్కటి మాత్రం గీతకు గీత కలిసింది. ఎడమ కోర మీద చివరి గీత పైకి వాలడంతో సహా కలిసింది. తిప్పి వెనక పేరు చూశాను. అది నా నోటి అచ్చు. నాకు పదహారేళ్ళప్పుడు ఆ పళ్ళు అరగదీసింది నువ్వు.

అచ్చు పక్కన పెట్టి ఆ పెట్టెను మళ్ళీ చూశాను. పొడి ఎందుకు లేదో అప్పుడు తెలిసింది. దొంగ తుడిచిపెట్టుకుపోయాడనుకున్నాను. వేడుకలో ఆ పొడిని పసుపురంగు కొబ్బరికాయ చిప్పలో పట్టి ఇంటి గుడి వెనక పాతిపెడతాం కదా. మీ ఇంటి గుడి వెనకే పాతిపెట్టి ఉంటావు.

లేకలేక పుట్టిన పిల్ల. బంధువుల పిల్లలందరితో కలిపి ఘనంగా చేద్దామని సులాసి వేడుక ఏడాది ఆపావు. ఇంతలో జ్వరం వచ్చింది. పోయాకైనా చేస్తానని నువ్వు ఆకురాయి తీస్తే, శవానికి ఇనుము తగలకూడదని ఊరి పెద్దలు నీ చెయ్యి పట్టుకున్నారు. నువ్వు ఏడవలేదు. గుండె గట్టివాడు అన్నయ్య అనుకున్నాను. ఆ మనిషి ముందు కూర్చుని పైలోకపు గుమ్మం గురించి హాస్యమాడాను.

రెండువేల ఏళ్ళ సాక్ష్యాన్ని పాడుచేశావు. దానికి నిన్ను తిట్టాలి. వచ్చాక తిడతాను. రేపు డైరెక్టరుకు నీ పేరే చెబుతాను, నా ఉద్యోగం ఏమవుతుందో తెలియదు. ఇప్పుడు హనుంగ్ ఇంటికి వెళ్తున్నాను. అతను తలుపు తీయకపోయినా తప్పు లేదు. బెమో డ్రైవరుతోనే నువ్వూ బయలుదేరి రా. అతని భార్య ఎదుట మనిద్దరం నిలబడాలి.

ఒక్క మాట మాత్రం డైరెక్టరు ముందు అడగలేను, ఇక్కడే అడుగుతున్నాను. ఆకురాయి పట్టేముందు మంత్రంలో పిల్ల పేరు చెప్పాలి కదా. ఈ పిల్లకు పేరు లేదు. నువ్వు ఎవరి పేరు చెప్పావు అన్నయ్యా?