పెనిమిటి పేరు చెప్తేనే సూది

బాన్సువాడ దవాఖాన

చిరంజీవి రాజేశ్వర్‌కు అమ్మ దీవెనలు. కాలు నయమవుతున్నది, ఫికర్ చెయ్యకు.

మా వార్డుల ఇద్దరం గంగమణులం. షుగరు ఆమెకే, నాకు లేదు. నిన్న నర్సు చదువుతున్న రుబీనా సూది తెస్తే, నాకే అనుకొని రెట్ట చాపిన.

"ముందు భర్త పేరు చెప్పు అవ్వా" అన్నది.

పక్క మంచం గంగమణి కొంగు నోట్లె పెట్టుకొని "గదెట్ల చెప్తరు బిడ్డా?" అన్నది.

"చెప్పేదాక సూది ఎయ్య."

ఇగ నేనే గట్టిగ "నర్సింలు" అన్న. చీటీల "ఎల్లయ్య భార్య" అని ఉన్నదట. సూది పక్క మంచానికి పోయింది. ఆ షుగరు మందు నా ఒంట్లకు పోతే ఈ కార్డు రాద్దునా?

నీ పెండ్లాం సుజన నా గోలీల చీటీల "తెల్లది, ఎర్రది" అని రాసింది. అట్ల పనికిరాదు, పేర్లు అచ్చయి ఉన్న గోలీల పత్తాలే పంపు. బర్రె ఈనిందా?

మీ నాయనకు చెప్పు, యాభై ఏండ్లకు ఆయన పేరు నాకొక పనికొచ్చింది.