ఇరవై రెండేళ్ళ ‘మీరు’

ఆగస్టు 11, ఉదయం 6.40

ప్రయాణానికి ముందు ఒక నిమిషం కూర్చోవాలి, మా ఆచారం. కూర్చున్నాం. సూట్‌కేసు మీద మా అత్తగారు అవ్గుస్తా ల్వొవ్నా, చెప్పుల స్టాండు మీద నేను. నా మొగుడు వదీమ్ కూర్చోలేదు, ఎందుకంటే రావడం లేదు. అమ్మ డెబ్బై ఏడో పుట్టినరోజుకి పాత ఊళ్ళన్నీ కారులో తిప్పుతానని ఏడాదిగా కోతలు కోశాడు. నిన్న సాయంత్రం చల్లగా, కజాన్‌లో అర్జెంటు పని పడింది, నువ్వు తీసుకెళ్ళు రిమ్మా, అమ్మ ఆశ పడుతోంది కదా అన్నాడు. నా సెలవులు! ఆరు రోజులు! అవతల తోటలో టమాటాలు రాలిపోతున్నాయి.

నిమిషం అయ్యాక ఆవిడ లేచి, ఇక పదండి రిమ్మా పావ్లొవ్నా గారూ అంది.

ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస. ఒకే ఇల్లు (ఆవిడదే), ఒకే వంటిల్లు. పోస్టుమనిషిని నువ్వంటుంది. పక్కింటి కుక్కని నువ్వంటుంది. కోడల్ని మాత్రం మీరు.

అదే రోజు, పెరెస్లావ్ల్

సరస్సు ఒడ్డున పొగబెట్టిన చేప తిన్నాం. మీకు ముళ్ళు తియ్యడం రాదండీ అంది. ఇరవై రెండేళ్ళుగా నా వంట తింటూ ఈ మాట!

ఆగస్టు 12, రోస్తోవ్

వాన. ఆవిడ ఎనామిల్ నగల కొట్లో ముప్పావుగంట నిలబడి నీలం పువ్వుల బ్రోచ్ ఒకటి కొంది. వయసులో ఉన్న ఆడదానికి ఇది బావుంటుందాండీ అని నన్నే అడిగింది. డెబ్బై ఏడు పక్కన నా నలభై తొమ్మిది వయసులో ఉన్నట్టే కదా అనుకున్నాను. సిగ్గులేనిదాన్ని, సంతోషపడ్డాను కూడా.

ఆగస్టు 13, యారొస్లావ్ల్, మధ్యాహ్నం

రాయకూడదనుకున్నాను. అయినా రాస్తాను.

వోల్గా నది గట్టు మీద ఆవిడని బెంచీ మీద కూర్చోబెట్టి రొట్టె పులియబెట్టి చేసే చల్లటి క్వాస్ తేవడానికి వెళ్ళాను. రెండు గ్లాసులతో తిరిగొచ్చేసరికి ఆవిడ అటు తిరిగి ఫోన్లో ఉంది. తిన్నావా స్నెజానా తల్లీ? నీకో బ్రోచ్ కొన్నానే. వాడున్నాడా పక్కన? ఓసారి వాడికివ్వు. లేదురా, ఇంకా చెప్పలేదు. నాకు నోరు రావడం లేదురా.

ఏం చెప్పలేదండీ నాకు అని అడిగాను. తేలు కుట్టిన దొంగలా చూసింది. తర్వాత అంతా కక్కింది. కజానూ లేదు, పనీ లేదు. మూడు నెలలుగా స్నెజానా ఉంది. సెప్టెంబరు కల్లా నేను ఇల్లు ఖాళీ చెయ్యాలట. ఆ మాట దారిలో ఎక్కడో ఒకచోట మెల్లగా చెప్పమని వాళ్ళమ్మకి అప్పజెప్పాడట.

వాడికి నా మొహం చూసి చెప్పే దమ్ము లేదు. నన్ను వెళ్ళగొట్టే కబురుని నేనే కారెక్కించుకుని ఊరూరా తిప్పుతున్నాను! నలభై తొమ్మిదేళ్ళకి ఎక్కడికి పోను?

కానీ అరికాలి మంట నెత్తికెక్కింది అందుకు కాదు. మూడు నెలల దానికి నువ్వు, తల్లీ. నాకు మీరు!

రెండు గ్లాసుల క్వాసూ నేనే తాగేశాను.

అదే రోజు, సాయంత్రం 7

హోటల్ గదిలో దిండుని పిడికిలితో గుద్దాను. తర్వాత చూస్తే ఆవిడ దిండు. మంచిదే అయింది.

ఆగస్టు 14, కొస్త్రొమా

బస్టాండు ముందు కారాపి, దిగండి అన్నాను. మీ స్నెజానా తల్లి దగ్గరికే పొండి అన్నాను. మంచిదండీ అని దిగింది. అదింకా మండింది.

నలభై కిలోమీటర్లు పోయాక చూద్దును కదా, పక్క సీట్లో ఆవిడ గుండె మాత్రల డబ్బా. ఛీ, నా బతుకు.

బయలుదేరి వెనక్కి తిరగడం అపశకునం. అద్దంలో చూసుకుని నాలుక చాపితే దోషం పోతుంది. చాపాను. ఎర్రటి కళ్ళు, బయటికి నాలుక. నన్ను చూసి నాకే భయమేసింది.

ఆవిడ అక్కడే సూట్‌కేసు మీద కూర్చుని క్యాబేజీ కూరిన రొట్టె, పిరోగ్, తింటోంది. ఈలోగా మాస్కో బస్సులు రెండు వెళ్ళిపోయాయట, ఎక్కలేదు. అద్దంలో చూసుకున్నారాండీ అంది. సగం పిరోగ్ తుంచి ఇచ్చింది. తీసుకున్నాను, పొద్దున్నుంచీ ఏమీ తినలేదు.

అప్పుడడిగేశాను. దానికి నువ్వు అనడం ఎలా వచ్చింది మీకు, నాకెందుకు రాలేదు?

చాలాసేపు నమిలి చెప్పింది. మావాడు ఏదీ ఎక్కువకాలం ఉంచుకోడండీ. గిటారు, ఫోటోల పిచ్చి, నాలుగు ఉద్యోగాలు. మీరూ ఉండరనుకున్నా. నువ్వు అంటే అలవాటైపోతారు, పోయాక ఏడవాలి. మీరేమో పోలేదు. ఇన్నేళ్ళయ్యాక మార్చాలంటే సిగ్గేసిందండీ. ఆ పిల్ల మొదటి రోజే నన్ను నువ్వంది, మెడ చుట్టూ చేతులేసింది. ఈ వయసులో మనల్ని ముట్టుకునేదెవరండీ? కరిగిపోయా.

ఇరవై రెండేళ్ళలో నేనూ ఆవిడని ముట్టుకోలేదు. అది గుర్తొచ్చి ఇంకా కోపమొచ్చింది, ఈసారి ఎవరి మీదో తెలియలేదు.

కారెక్కేటప్పుడు చూశాను. ఆ నీలం బ్రోచ్ ఆవిడ కోటుకే ఉంది.

ఆగస్టు 15, సూజ్దల్

దారిలో అడవిలోంచి ఓ పెద్ద దుప్పి అడ్డం దూకింది. బ్రేకు వెయ్యవే పిచ్చిదానా అని ఆవిడ గావుకేక పెట్టింది. వేశాను. దుప్పి దాని మానాన అది పోయింది. ఇద్దరం కదల్లేదు.

క్షమించండి రిమ్మా పావ్లొవ్నా గారూ అంది.

ఇక్కడి ఉప్పు దోసకాయలు చెరో నాలుగు తిన్నాం.

ఆగస్టు 16, ఇల్లు

వదీమ్ ఫోన్ చేశాడు. ఆవిడ స్పీకర్ ఆన్ చేసింది. చెప్పేశావా అమ్మా అన్నాడు.

వదీమ్ సెర్గేయెవిచ్ గారూ, మీ సామాన్లు ఎప్పుడొచ్చి తీసుకెళ్తారండీ అంది.